బడిపిల్లలతో తేనెబండకు

మూడో తరగతిలో బడి గోడ దూకి పారిపోయినవాణ్ణి నేను. ముప్పై ఎనిమిదో ఏట మళ్ళీ బడిపిల్లల వెంట పోవాల్సి వస్తుందని ఏ జోస్యుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆనాడే గోడ ఇంకొంచెం దూరం దూకేవాణ్ణి.

పోలీసు చర్య జరిగాక వచ్చిన రెండో ఎండాకాలం అది. నల్లగొండలో నేను పెళ్ళిళ్ళకు వంట చేసేవాణ్ణి. ఆ గడబిడ రోజుల్లో పెళ్ళిళ్ళు తగ్గిపోయి నా గంటెకు పని తక్కువ, నాలుకకు పని ఎక్కువ అయింది. మా వీధి బడికి పెద్ద రఘురామయ్య పంతులుగారు ఒక సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"చెట్టు బొమ్మ వెయ్యుమంటే పద్దెనిమిది మంది ఒక్కటే చెట్టు వేసిండ్రు యాదగిరీ. పుస్తకంల ఉన్నదే. ఇల్లు, బడి, కర్ఫ్యూ తప్ప గీ పిల్లలు ఏం చూసిండ్రు పాపం! అమ్రాబాదు అడవికి తోల్కపోత. పోనీకి సర్కారు కాగితం గూడ వచ్చింది. నువ్వు వంటకు రావాలె."

"సార్, గీ రోజులల్ల అడవికి పోయేటోళ్ళు రెండే తీర్లు. తుపాకి పట్టుకొని దాక్కునేటోళ్ళు, తుపాకి పట్టుకొని దేవులాడేటోళ్ళు. నాకు గంటె పట్టుడు తప్ప రాదు."

"గందుకే నిన్ను పిలుస్తున్న," అన్నారాయన. పంతుళ్ళతో ఇదే చిక్కు. మన మాటతోనే మనల్ని కట్టేస్తారు.

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా పోతే ఒక్క రోజు దారి. కానీ అడవి పాలమూరు జిల్లాది కనుక మా కాగితం మీద మహబూబ్‌నగర్‌లో ముద్ర పడాలన్నారు. సర్కారు కాగితానికి తిన్నని దారి నచ్చదు. అందుకని ముందు పట్నం, అంటే హైదరాబాదు, పోయి, అక్కడ రైలెక్కి మహబూబ్‌నగర్‌లో దిగి, అక్కడినుంచి మళ్ళీ బస్సులో అడవి వైపు తిరగాలి. అలా తిరిగితేనే పిల్లలు రైలు కూడా చూస్తారని పంతులుగారు సంతోషించారు. ఆయనకు ప్రతిదానిలోనూ ఒక పాఠం కనబడుతుంది.

సోమవారం తెల్లవారి ఐదున్నరకు బయల్దేరాం. పద్నాలుగు మంది మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు, పంతులుగారు, నేను, రెండు గుండిగలు, బియ్యం బస్తా, చింతపండు మూట. బొగ్గు మంటతో నడిచే బస్సు అది. దాన్ని నడపడానికి డ్రైవరు కన్నా ముందు కమ్మరి కావాలి. పట్నం చేరేలోగా మూడుచోట్ల మిలిటరీవాళ్ళు దింపి మమ్మల్ని లెక్కపెట్టారు. పదకొండేళ్ళ సుగుణ అనే పిల్ల మూడోసారి వరసలో నిలబడి నా చెవిలో అంది:

"యాదగిరి మామా, వీళ్ళకు లెక్కలు రావా? మా సార్ అయితే ఒక్కపారి లెక్కవెడ్తడు."

"ఉష్! వచ్చేదాకా లెక్కవెట్టనీ. మనం బడి పిల్లలం, వాళ్ళు బడికి పోనోళ్ళు," అన్నాను. నేనేదో పట్టా పుచ్చుకున్నట్టు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కాచిగూడలో రైలు. బస్సువాడు నిజాం హాలీ నాణేలు తీసుకున్నాడు, రైలు కిటికీవాడు ఇండియా కల్దారు రూపాయలు అడిగాడు. ఆ రోజుల్లో పోదలచినవాళ్ళు రెండూ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చేది. కిటికీల దగ్గర పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కారు. రైలు కదిలిన కాసేపటికి అందరూ మాటలు మరిచిపోయారు. బయట బండలు వెనక్కి పోతున్నాయి, ఎండలో నీళ్ళలా మెరిసే ఎండమావులు రైలు వెంట వస్తున్నాయి. పదేళ్ళ పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను వాళ్ళు నిద్రపోతున్నప్పుడు తప్ప చూడలేదు.

షాద్‌నగర్‌లో ఎక్కిన ముసలి దర్జీ ఒకాయన, మెడలో టేపు తీయకుండానే ప్రయాణం చేస్తున్నాడు.

"బచ్చాలను యాడికి తోల్కపోతున్నరు పంతులూ?"

"అడవికి సాబ్. చెట్లు చూపెట్టనీకి."

"యా అల్లా! లోకమంతా అడవుల నుంచి పట్నం ఉరుకుతాంది. మీరు ఉల్టా పోతున్నరు!" కాసేపు ఆలోచించి, జడ్చర్లలో దిగేముందు సంచిలోంచి రంగురంగుల గుడ్డపేలికలు తీసి పిల్లల చేతుల్లో పెట్టాడు. "పోయిన తొవ్వల కొమ్మకొకటి కట్టుకుంట పొండ్రి బేటా. వాపస్ తొవ్వ తప్పదు. ఫికర్ వద్దు."

సాయంత్రం మహబూబ్‌నగర్‌లో దిగి, ఆఫీసు మూసే వేళకు ముద్ర వేయించుకుని, అక్కడి బడి వరండాలో పడుకున్నాం. రాత్రికి కిచిడీ, పచ్చిపులుసు.

మంగళవారం ఆరుగంటలకు బస్సు. కల్వకుర్తి మీదుగా అచ్చంపేట చేరేసరికి మధ్యాహ్నం. అక్కడ మూడు బండ్లు కిరాయికి మాట్లాడుకుని కొండల వైపు సాగాం. ఎద్దుల గంటల చప్పుడుకు సగం నిద్ర పట్టి, మళ్ళీ తెలివి వచ్చి చూస్తే కొండలు నీలంగా ఇంకాస్త దగ్గరికి జరిగి ఉండేవి. మేము వాటి దగ్గరికి పోతున్నట్టు లేదు, అవే మెల్లగా లేచి మా దగ్గరికి వస్తున్నట్టు ఉంది. సీతాఫలం పొదల్లోంచి ఏదో తీపి వాసన. గాలి చల్లబడింది.

కొండ అడుగున మిలిటరీ క్యాంపు. దాని పక్కనే ముళ్ళకంచె వేసి కొన్ని గుడిసెలు. అడవిలో కమ్యూనిస్టు దళాలు దాక్కున్నాయని, వాటికి తిండి అందకుండా చెంచు పెంటలన్నిటినీ ఖాళీ చేయించి, ఆ మనుషుల్ని తెచ్చి అక్కడ పెట్టారు. పెంట అంటే నాలుగైదు గుడిసెల చెంచు పల్లె. కాగితం లేకుండా కంచె దాటి అడవిలోకి పోవడానికి వీల్లేదు.

క్యాంపు ఆఫీసరు గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన. కళ్ళద్దాలు, మర్యాద గల మాట. మా కాగితం చదివి ఒక మనిషిని పిలిపించాడు. సన్నగా, పొట్టిగా, పిల్లిగడ్డంతో ఉన్న ఆ మనిషి అంకన్న. మాకు దారి చూపేవాడు అతనే.

"చూడండి మేష్టారూ," అన్నాడు ఆఫీసరు. "ఈ అంకన్న నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. తేనె కాలమండీ, మా పెంట వాళ్ళందర్నీ వానలు పడేదాకా అడివిలోకి వదలండీ అని. తేనె పేరు చెప్పి దళాలకి జొన్నలు మోస్తారేమోనని నా అనుమానం. ఇప్పుడు మీరొచ్చారు కదా, మీ పిల్లల ముందు తేనె తీసి చూపించమనండి. కొండకి తాడు కట్టుకుని దిగుతారట. నిజంగా తీసి నాకు తెచ్చి చూపిస్తే పెంట మొత్తానికి కాగితం రాసిస్తాను. తేలేదా, మళ్ళీ నా దగ్గరికి రాకూడదు."

అంకన్న చేతులు కట్టుకుని, "దొరా, తాడు పట్టనీకి మా బామ్మర్ది బయ్యన్న..." అనబోయాడు.

"బయ్యన్న పేరెత్తకు! పోయినేడు దళానికి నీళ్ళిచ్చినవాడు వాడే కదా. వాడు కంచె దాటడానికి వీల్లేదు. తాడు పట్టుకోడానికి ఎవడైతేనేం? నీ తమ్ముడు మల్లన్న నమ్మకస్తుడు, మాకు నీళ్ళు మోస్తున్నాడు. వాణ్ణి తీసుకెళ్ళు. తేనె పిండడానికి నీ భార్య కూడా వెళ్ళొచ్చు."

సొంత తమ్ముడినే ఇచ్చానన్న సంతోషం ఆయన మొహంలో కనబడింది. అంకన్న మొహంలో మాత్రం ఏమీ కనబడలేదు. నేను దాన్ని అడవి మనిషి మౌనం అనుకున్నాను. పట్నం బుద్ధి.

బుధవారం పొద్దున ఆరున్నరకు కొండ ఎక్కడం మొదలు. పైన నవాబుల కాలపు శికారు బంగళా ఒకటి ఉంది, అందులో మా మకాం. ఒకప్పుడు ఆ జాగాలోకి దొరలు పులిని చంపడానికి వచ్చేవాళ్ళు. మేము చెట్టు పేరు రాసుకోవడానికి వచ్చాం. పంతులుగారు పలక తీసి, "ఇది ఏం చెట్టు అంకన్నా?" అని అడిగితే అంకన్న పేరు చెప్పేవాడు కాదు. పలకలు కింద పెట్టించి, పిల్లల చేతుల్ని బెరడు మీద పెట్టించేవాడు. ఒకచోట మొసలి వీపులాంటి బెరడు గల నల్లమద్ది మొద్దు మీద బుడిపెను చూపి, గొడ్డలితో చిన్నగా గాటు పెట్టాడు. చెట్టులోంచి నీళ్ళు! బుసబుసమని పొంగి కారాయి. పిల్లలు దోసిళ్ళు పట్టారు.

"గీ చెట్టు ఎండకాలం కోసం కడుపుల దాసుకుంటది," అన్నాడు. "దూపైనప్పుడే కొట్టాలె. ఊకె కొడ్తే తప్పు." మళ్ళీ గాటు మీద తడిమట్టి అద్దాడు.

"పేరు రాసుకున్నరా?" అని పంతులుగారు అడిగారు. సుగుణ మూతి తుడుచుకుంటూ, "రాసుకునుడు ఎందుకు సార్, తాగినం గద," అంది. పంతులుగారు తన పలక కూడా సంచిలో పెట్టేశారు.

ఆ రోజంతా ఎలా గడిచిందో వరసగా చెప్పలేను. ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు రాలేది. ఇప్పపూల వాసన ఎక్కడినుంచో వచ్చి, మేము తల తిప్పేసరికి ఎక్కడికో పోయేది. పిల్లలు కొమ్మలకు దర్జీ ఇచ్చిన గుడ్డపేలికలు కడుతూ వచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే ఆకుల నడుమ ఎర్రవి, పచ్చవి, నీలివి గాలిలో ఊగుతూ, అడవికి పెళ్ళి జరుగుతున్నట్టుంది. ఒకచోట అంకన్న అందర్నీ కళ్ళు మూసుకుని కూర్చోమన్నాడు. నేనూ మూసుకున్నాను. మొదట ఏమీ వినబడలేదు. తరువాత ఆకు రాలడం వినబడింది. నా బతుకులో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదలు.

మిగతా సమయమంతా మాట్లాడుతూనే ఉన్నాను. కొండ ఎక్కేటప్పుడే అంకన్నను "బావా" అని పిలవడం మొదలుపెట్టాను. "బావా, జర మెల్లగ నడువు, నీ బామ్మర్దికి పొట్ట ఉంది." "బావా, మా అక్కను గింత మంచిగ ఏలుకుంటున్నవ, లేక తేనె నువ్వే తాగుతున్నవా?" అతని భార్య గురవమ్మ తలమీద తట్టతో ముందు నడుస్తూ కిసుక్కున నవ్వేది. మల్లన్న మాత్రం అన్నకు దూరంగా, మాటా పలుకూ లేకుండా నడిచాడు.

సాయంత్రం బంగళా ముందు నేను పప్పు కాచుతుంటే గురవమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. "రేపు తాడు మల్లన్న మంచిగ పడ్తడా?" అని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"తమ్ముడు పట్టడు. పట్టొద్దు. మా దాంట్ల అన్న సస్తే వదినె తమ్మునికొస్తది. అసుంటోని శేతికి తాడు ఎవలిస్తరు? పెండ్లాం తోడవుట్టినోడే పట్టాలె. అక్క ముండమోసుడు వానికి ఇష్టముండది గద."

నా గంటె ఆగిపోయింది. మా పెళ్ళిళ్ళలో ఎందరు బావమరుదులకు వడ్డించానో లెక్కలేదు. వాళ్ళ ప్రయోజనం ఏమిటో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

"మరి ఆఫీసరుకు చెప్పకపోతివా?"

"బయ్యన్న పేరెత్తితేనే నోరు మూసిండు. మల్లన్న వద్దంటే అసలుకే పంపకపోవు. సూద్దాం, కొండ దేవుడు ఏం జేస్తడో." నిప్పులోకి చూస్తూ మెల్లగా అంది. "కంచె లోపల మా పోరగాళ్ళు సర్కారు జొన్నలు తిని కడుపు జారి పడుకుంటున్నరు. తేనె లేకుంటే గీ యేడు ఎట్ల ఎల్లుతదో."

గురువారం తెల్లవారకముందే తేనెబండకు నడిచాం. చలికి తేనెటీగలు మందంగా ఉన్నప్పుడే తీయాలి. అది ఒక నిలువు కొండ అంచు. కింద లోయ నిండా పాలు పోసినట్టు మంచు. అంచుకు ఓ తాటిచెట్టంత లోతున, బండ పొట్టకు అతుక్కుని, నల్లగా కదులుతున్న తేనె పెరలు. దూరం నుంచి అన్నం ఉడుకుతున్న పెద్ద గుండిగ చప్పుడు. పంతులుగారు పిల్లల్ని దూరంగా చెట్ల కింద గొంగళ్ళు కప్పి కూర్చోబెట్టారు. పద్దెనిమిది జతల కళ్ళు మాత్రం బయట.

అంకన్న నారతాడును మద్దిచెట్టు చుట్టూ రెండు మెలికలు తిప్పాడు. తట్ట, పొగకు పచ్చాకు కట్ట, వెదురు కత్తి సర్దుకున్నాడు. తరువాత అంచు దగ్గర గొంతుక్కూర్చుని కదలలేదు. మల్లన్న తాడును ముట్టుకోకుండా ఇరవై అడుగుల దూరం పోయి, వీపు మా వైపు తిప్పి కూర్చున్నాడు.

పంతులుగారికి ఈ తాడు ఆచారం నేను రాత్రే చెప్పాను. ఆయన ముందుకు వచ్చి, "చెట్టుకు కట్టితిమి గద అంకన్నా. నేను పట్టుకుంట," అన్నారు.

"చెట్టుకు కట్టినా పట్టేటోడు ఉండాలె పంతులూ. తాడు ఇడువాలె, గుంజాలె, బండకు రాసుకుంటే సూడాలె." అంకన్న తలెత్తలేదు. "నువ్వు మాకు ఏం గావు."

తూర్పున మంచు గులాబీ రంగు తిరుగుతోంది. ఎండ బండ మీద పడితే ఈగలు లేస్తాయి. తేనె లేదు, ఇక కాగితమూ లేదు. అప్పుడు గురవమ్మ నా వైపు తిరిగింది.

"ఓ వంటాయనా! నిన్నటి సంది నా మొగన్ని బావా బావా అని ఒర్రుతున్నవ్. నిజంగ పిలిసినవా, ఊకనే పిలిసినవా?"

ఊకనే అంటే అక్కడితో అన్నీ అయిపోతాయి. నిజంగా అంటే తాడు నా చేతికి వస్తుంది. అంకన్న అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. పరీక్షగా కాదు, ఎదురుచూస్తూ.

"నిజంగనే పిలిసిన అక్కా," అన్నాను.

"అయితే ఇను. తాడు జారితే నేను, నా ముగ్గురు పిల్లలు నీ ఇంటికొస్తం. బతికినన్ని దినాలు నువ్వే సాకాలె. అట్లయితేనే తమ్మునివి."

"మా ఇంటిది నాకే సగం గంటె పెడ్తది అక్కా. అందుకనే జారనియ్య."

ఆమె నవ్వలేదు. ఆకుదొప్పలో ఉన్న జొన్న సంకటి ఒక ముద్ద తాను తిని, ఇంకో ముద్ద నా నోట్లో పెట్టింది. అంతే, ఇంకే తంతూ లేదు. దూరంగా మల్లన్న ఇటు తిరగకుండానే, "గట్టిగ పట్టు బావా," అన్నాడు.

ఇరవై ఏళ్ళు గుండిగలు దించిన చేతులు నావి. అవి ఇంకా దేనికైనా పనికొస్తాయని అనుకోలేదు. ఒక్క గుంజు అంటే ఆగమని, రెండు అంటే వదలమని, మూడు అంటే పైకి లాగమని చెప్పి, అంకన్న పచ్చాకు కట్టకు నిప్పు అంటించి, మంచులోకి దిగిపోయాడు. తల మాయమైంది. ఇక తాడే మనిషి. అతని కాలు బండ మీద వెతుక్కోవడం, ఊపిరి తీసి ఆగడం, అన్నీ నా అరచేతుల్లో తెలుస్తున్నాయి. పొగ పైకి వచ్చింది. కుతకుతలాడే చప్పుడు ఒక్కసారి పెద్దదై లోయంతా మోగింది. గురవమ్మ అంచు మీద బోర్లా పడుకుని సన్నగా రాగం తీస్తూ కిందికి ఏదో చెబుతోంది, ఈగలకో మొగుడికో తెలియదు. ఒక ఈగ వచ్చి నా చెవి మీద కూర్చుని తన పని తాను చేసుకుపోయింది. మామూలుగా అయితే దాని మీద నాలుగు రోజులు చెప్పుకునేంత ఏడ్చేవాణ్ణి. చేతులు కదపలేదు.

ఎంతసేపో తెలియదు. పంతులుగారి గడియారం ఇరవై నిమిషాలు అంది. నాకు మాత్రం ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినంత కాలం. మధ్యలో తాడు ఒక్కసారి జర్రున జారింది. నా అరచేతి తోలు దానితోపాటే పోయింది. చెట్టుకు రెండు కాళ్ళూ తన్ని పట్టాను. ఒక గుంజు. ఆగింది. లోకమంతా ఆగింది. తరువాత మెల్లగా ఒకటి, రెండు, మూడు.

లాగాను. పంతులుగారు వెనకనుంచి నా నడుము పట్టుకున్నారు. తాడు తాకొద్దు కానీ నన్ను తాకొచ్చునట. ముందు తట్ట, దాని వెనక పొగచూరిన మొహం, ఉబ్బిన కనురెప్పతో అంకన్న. అంచు ఎక్కి, నా చేతుల్ని తిరగేసి చూసి, తట్టలోని పెర మైనం కొంచెం వాటికి రాశాడు.

"మంచి తమ్మున్నే తెచ్చినవ్," అన్నాడు పెళ్ళాంతో.

పిల్లలు మోదుగాకుల్లో తేనె నాకారు. అప్పుడే ఎండ లోయలోకి దిగి మంచు కరిగింది. కింద, చాలా కింద, కృష్ణ ఒక వెండి దారంలా కనబడింది. ఎవరో చిన్నగా, "సార్, గిది పుస్తకంల లేదు," అన్నారు.

సాయంత్రం నాలుగుకు క్యాంపులో దిగాం. ఆఫీసరు వేలితో తేనె నాకి, కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. "భేష్. మల్లన్న బాగా పట్టుకున్నాడన్నమాట."

"మల్లన్న తాడు ముట్టలేదు సార్," అని నేను కట్టుకట్టిన చేతులు చూపించాను. అంకన్న భయంతో నన్ను చూశాడు. కానీ తాడు పట్టేవాడు మల్లన్నే అని కాగితంలో వస్తే అంకన్న ఎన్నడూ కొండ దిగడు; అది కాగితమే తప్ప తేనె కాదు. "సార్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. మీరు గా కొండకు ఏలాడబడితే పైన తాడు ఎవలకిస్తరు? మీ తమ్మునికా, మీ బామ్మర్దికా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. బల్ల మీద కలం అటూ ఇటూ జరిపాడు.

"మా తమ్ముడా?" అన్నాడు. "రెండడుగుల గట్టు కోసం కోర్టుకెక్కాడండీ వాడు. నేను తాడుకి వేలాడుతున్నానని తెలిస్తే కత్తి వెతుక్కుంటాడు." పక్కనున్న గుమాస్తా దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. "మా బావమరిది ఉన్నాడు, పిచ్చివాడు. వాడైతే... పట్టుకుంటాడు."

కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పెంట మొత్తానికి, వానలు పడేదాకా అని రాశాడు. కింద ఇంకో వాక్యం రాసి పైకి చదివాడు: "తాడు పట్టుటకు బయ్యన్నకు అనుమతి. వారానికొకసారి హాజరు కావలెను." ముద్ర వేసి, ఎండేదాకా ఊదాడు. "వాడు పారిపోతే నా ఉద్యోగం పోతుందయ్యా," అన్నాడు అంకన్నతో. అంకన్న, "అక్క ఉన్నంక ఏడికి పోతడు దొరా," అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామునే వాళ్ళు కంచె దాటారు. బయ్యన్న నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాన తాడు చుట్ట. నా దగ్గర ఆగి నా చేతుల కట్లు చూసి, "నా పని నువ్వు జేసినవంట," అన్నాడు. ఎప్పటిలాగే ఏదో ఒకటి అందామనుకున్నాను గానీ, "ఇగ నువ్వే చెయ్యి," అని మాత్రం అన్నాను. గురవమ్మ నాకు ఒక సొరబుర్ర నిండా తేనె ఇచ్చి, "మరదలికి," అంది.

మేము ఏడుగంటలకు బండ్లెక్కాం. తిరుగు ప్రయాణానికి ముద్ర అక్కర్లేదు కనుక తిన్నని దారి: అచ్చంపేట దాకా బండ్లు, అక్కడినుంచి డిండి, దేవరకొండ మీదుగా బస్సు, చీకటి పడేలోగా నల్లగొండ. ఆ వైపు పోదలచినవారికి నేను చెప్పేది ఇంతే. ఎండాకాలంలోనే పొండి. నీళ్ళు మోసుకుపొండి, మద్దిచెట్టును మాత్రం ఊకె కొట్టకండి. పిల్లల్ని తీసుకుపొండి, పలకలు ఇంట్లో వదిలేయండి. అక్కడ ఎవరినైనా బావా అని పిలిచే ముందు మీ చేతులు ఒకసారి చూసుకోండి.

తొమ్మిది గంటలప్పుడు బండ్లు ఒక మలుపు తిరిగాయి. వెనక కొండలు మళ్ళీ నీలంగా అయ్యాయి. ఆ నీలంలో, ఎండ ఇంకా సోకని పక్కనుంచి సన్నగా పొగ లేచింది.

మా జిల్లా పిల్లలు పొగను చూసి వేలు చూపరు. గుట్ట మీద, ఊరి మీద పొగ అంటే ఇళ్ళు తగలబడడమని వాళ్ళకు తెలుసు. తల్లులు లోపలికి లాగి తలుపు గడియ పెట్టిన పిల్లలు వాళ్ళు. బండ్లలో అందరూ దగ్గరకు ముడుచుకున్నారు. ఒకడు గొంగడి తలమీదికి లాక్కున్నాడు. పంతులుగారు నా వంక చూశారు.

సుగుణ ఒక్కతే లేచి నిలబడింది. చెయ్యి నొసట పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పచ్చాకు పొగ," అంది. "పెర తీస్తున్నరు."

ఒకరి తరువాత ఒకరు లేచారు. గొంగడిలోంచి తల బయటికి వచ్చింది. పద్దెనిమిది మంది ఒక్క పక్కకు వచ్చేసరికి బండ్లు ఒరిగాయి. బండ్లాయన, "కూసోండ్రి, పడ్తరు!" అని అరిచాడు.

"జర ఆపు తాతా," అన్నాను.

"ఎంతసేపు ఆపాలె?"

"పొగ ఆగేదాక. మనిషి పైకొచ్చినంక ఆర్పుతరు."

ఎద్దులు నెమరు వేస్తూ నిలబడ్డాయి. పిల్లలు చేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. పొగ పల్చబడి, ఆకాశంలో కలిసి, ఇక లేదు. అప్పుడు బండ్లు కదిలాయి.